మేనమామ కణాలు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది, రోహిణి కార్తె ఎండల్లో, విజయనగరం అవతల హైవే పక్కనున్న ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో నన్ను కణచికిత్స విభాగానికి వేశారు. హోదా పేరు క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్. పేరు పొడుగ్గా ఉందంటే జీతం పొట్టిగా ఉందని పాఠకులు గ్రహించాలి.

రిటైరైన ఉద్యోగి జ్ఞాపకాలు అనగానే నెరిసిన జుట్టు, మడత కుర్చీ గుర్తొస్తాయి. నాకు ముప్పై నాలుగేళ్ళు. ఆ విభాగాన్ని వేరే నగరానికి తరలించారు, నేను తరలలేదు, అంతే. ఆ వృత్తి నుంచి రిటైరయ్యాను. పింఛను లేదు, శాలువా కూడా కప్పలేదు. ఇప్పుడు ఎచ్చెర్ల దగ్గర డిగ్రీ పిల్లలకి జీవశాస్త్రం చెబుతున్నాను. నా క్లాసులో వెనక బెంచీవాళ్ళు నిద్ర లేచేది ఈ ఒక్క సంగతి దగ్గరే కాబట్టి, ఇదే రాస్తున్నాను.

ముందు మా కొలువు ఎలా ఉండేదో చెప్పాలి. కొత్త చికిత్సను మనుషులకిచ్చి, అది భద్రమా, పనికొస్తుందా అని చూసే పనిని ట్రయల్ అంటారు. దాని పెద్దని ప్రధాన పరిశోధకులు అంటారు. మా దగ్గర ఆ కుర్చీలో డాక్టర్ వసుధ ఉండేవారు. ఆవిడ కింద జూనియర్ డాక్టర్లు, వాళ్ళ తర్వాత కణాల ల్యాబ్, రక్తం వేరుచేసే యంత్రం దగ్గర సింహాచలం అనే టెక్నీషియన్. వీళ్ళ మధ్య తిరుగుతూ ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉండాలో చూసుకునేవాడు కోఆర్డినేటర్. పెళ్ళింట్లో గ్యాసు సిలిండరు లాంటి పాత్ర. ఉన్నంతసేపూ ఎవరికీ కనబడదు, అయిపోయినప్పుడే అందరికీ గుర్తొస్తుంది.

మా ట్రయల్ ఎముక క్యాన్సర్ మీద. ఎదిగే వయసు పిల్లల్లో, ఎక్కువగా మోకాలి చుట్టూ వచ్చే రకం. మా దగ్గర తొలుత చేరినవాళ్ళలో సంధ్య ఒకరు. సాలూరు అమ్మాయి, ఇంటర్ చదువుతోంది. తండ్రి సత్యం లారీ డ్రైవరు. సాలూరులో ఆ మాట చెప్పడం, సముద్రం ఒడ్డున ఇసుక ఉందని చెప్పడం లాంటిది. ఆ అమ్మాయికి మోకాలి పైన నొప్పి వస్తే ఆటల్లో దెబ్బనుకుని నూనె రాశారు. తర్వాత ఎక్స్‌రే, కీమో, ఆపరేషన్. కాలు తీసేయకుండా పాడైన ఎముక ముక్క వరకే తీసి లోహపు కీలు వేశారు. అంతా సర్దుకుందనుకున్నాక ఊపిరితిత్తుల్లో మచ్చలు కనబడ్డాయి. మళ్ళీ కీమో ఇచ్చినా అవి లొంగలేదు. అప్పుడు మా దగ్గరికి పంపారు.

ఎముక క్యాన్సర్ ఊపిరితిత్తుల్లోకి ఎలా వచ్చిందని సత్యం అడిగాడు. మచ్చ ఎక్కడున్నా అందులోవి ఎముక నుంచి బయల్దేరిన కణాలే, సాలూరు లారీ రాయపూర్‌లో ఆగి ఉన్నా నంబరు ప్లేటు మారదు కదా అన్నాను.

“నంబరు ప్లేట్లు మార్సీసినోళ్ళని నాను సూసినాను బాబూ” అన్నాడు సత్యం.

నిజానికి క్యాన్సర్ కణాలు కూడా ఆ పని చేస్తాయి. ఆ ముక్క అప్పుడు చెప్పలేదు.

చికిత్స ఇది. మన రక్తంలో కాపలా తిరిగే తెల్లకణాల్లో ఒక రకానికి సహజ హంతక కణాలని పేరు. పేరు పెట్టింది నేను కాదు, పాఠ్యపుస్తకాల్లోనే అలా ఉంది. ఒంట్లో ప్రతి కణం పైనా గుర్తింపు కార్డు లాంటిది ఒకటి ఉంటుంది. హంతక కణం ఎదురైన ప్రతిదాన్నీ తడిమి చూస్తుంది. తనకి అలవాటైన కార్డు కనబడితే వదిలేస్తుంది. కనబడకపోతే, పైగా ఆ కణం వాలకం తేడాగా ఉంటే, చంపేస్తుంది. చిక్కేమిటంటే, మన క్యాన్సర్ కణాలు కూడా మనవే. చాలాసార్లు వాటి దగ్గరా మన కార్డే ఉంటుంది. సొంత కాపలా కణాలు మొహమాటపడి వదిలేస్తాయి. అందుకని రక్తసంబంధీకుల కణాలు తెచ్చి ఎక్కిస్తే ఏమవుతుందన్నదే మా ప్రశ్న. కార్డు పూర్తిగా కలిసే మనిషి కణాలైతే మళ్ళీ అదే మొహమాటం. అస్సలు కలవని మనిషి కణాలైతే ఒళ్ళు వాటిని నిలవనివ్వదు. సగం కలిసి, సగం కలవని మనిషి కావాలి.

మొదట అమ్మానాన్నల్ని చూస్తాం. పిల్లలకి ఇద్దరూ సగం సగం కలుస్తారు కాబట్టి వెతుక్కోనక్కర్లేదు. సంధ్య తల్లికి రక్తం తక్కువ, ఆవిడ నుంచి తీసే పరిస్థితి లేదు. సత్యం రక్తంలో కాలేయానికి సోకే ఒక వైరస్ గుర్తు కనబడింది. ఆయనకి దాని వల్ల ఏ ఇబ్బందీ లేదు, ఎప్పుడు సోకిందో కూడా తెలీదు. కానీ రోగనిరోధకశక్తి పడిపోయి ఉన్న అమ్మాయికి ఆ రక్తంలోవి ఎక్కించడం కుదరదు. నిబంధన.

“ఒడిశా ఘాట్లలో లోడు లారీ దింపినోణ్ణి. నా రగతం నా కూతురికి పనికిరాదా?” అన్నాడు సత్యం. డాక్టర్ వసుధ ఓపిగ్గా మళ్ళీ వివరించారు. ఆయన అంతా విని తలూపాడు. తలూపడమంటే ఒప్పుకోవడమని మేం అనుకున్నాం.

మిగిలింది మేనమామ. మేనమామ సగం కలవాలని లేదు, అది బొమ్మాబొరుసు. పరీక్షలో కలిశాడు. మొహమాటం లేకపోవడం అనే రెండో లెక్క కూడా కుదిరింది. పేరు శ్రీరాములు. కోటబొమ్మాళి దగ్గర వరి రైతు. మాటకి ముందు నవ్వే మనిషి. పరీక్షలో కలవడాన్ని ఎన్నికల్లో గెలిచినట్టు తీసుకున్నాడు.

దాతకి అన్నీ విడమరిచి చెప్పి, ప్రశ్నలకి జవాబిచ్చాకే సంతకం తీసుకోవాలి. ఆ కూర్చోబెట్టి చెప్పే పని నాది. సత్యం కూడా పక్కనే కూర్చున్నాడు.

“మీ ఒంట్లోని సహజ హంతక కణాల్ని తీస్తాం” అన్నాను.

“అంతకులా? నాను ఇంతవరకూ పోలీసు టేసను గడప తొక్కనేదు బాబూ.”

“అందరి ఒంట్లోనూ ఉంటాయి.”

“ఈడి ఒంట్లో ఎక్కువుంటాయి” అన్నాడు సత్యం. “పేకాటలో సూడాలి ఈణ్ణి.”

సగం కలవడం, సగం కలవకపోవడం గురించి పాఠంలా చెప్పుకొచ్చాను. శ్రీరాములు దాన్ని తన భాషలోకి మార్చుకున్నాడు.

“అంటే ఇంట్లోకి రానివ్వాల. వొచ్చినాక మొగమాటం నేకండా తప్పోణ్ణి తప్పని తన్నాల. అంతేకదేటి? అది మేనమామ పనే కద బాబూ. దీనికి ఇంత సదువు సదవాలా?”

ఆ తర్వాత మా క్లాసుల్లో నేను చెప్పే పాఠం ఇదే. సొంత తెలివి అన్నట్టు చెబుతాను.

“మరి ఇది పని సేస్తాదా?” అని అడిగాడు.

“తెలీదు. అది తెలుసుకోవడానికే ట్రయల్.”

“మీకే తెలీదా!”

“తెలిసుంటే మందుల షాపులో అమ్మేవాళ్ళం.”

ఆ జవాబు ఆయనకి నచ్చింది. తెలీదని చెప్పే ఆసుపత్రిని మొదటిసారి చూశానన్నాడు. సత్యానికి నచ్చలేదు. ఆయన కూతురి సంగతిలో తెలీదు అనే మాటకి చోటు లేదు.

చివర్లో ముందు జాగ్రత్తలు చెప్పాను. ఆ రోజు పరగడుపున రావద్దు, తిని రండి, కొవ్వు లేని తేలిక తిండి అయి ఉండాలి, నీళ్ళు బాగా తాగాలి. ఇద్దరూ విన్నారు. ఇద్దరూ తలూపారు.

ఇక్కడ ఒక సంగతి పాఠకులకి బాగా తెలియాలి. కొత్త కణాలు వచ్చి నిలదొక్కుకోవాలంటే రోగి ఒంట్లో వాటికి చోటుండాలి. అందుకని సొంత తెల్లకణాలు బాగా తగ్గేలా ముందు కొన్ని రోజులు కీమో ఇస్తారు. అద్దెకొచ్చేవాళ్ళ కోసం ఇల్లు ఖాళీ చేయించడం లాంటిది. ఆ రోజుల్లో ఆ అమ్మాయికి ఎవరి జలుబైనా పెద్ద ప్రమాదమే. అందుకే అద్దాల గది, లోపల తల్లి ఒక్కతే, బయటివాళ్ళతో మాటలన్నీ ఫోన్లో. ఇల్లు ఖాళీ అయ్యే రోజుకీ, దాత నుంచి కణాలు తీసే రోజుకీ ముడి వేసి ఉంటుంది. కణాలు అందకపోతే ఆ కీమో అంతా దండగ. మళ్ళీ ఇవ్వడానికి ఒళ్ళు ఎప్పుడు ఒప్పుకుంటుందో చెప్పలేం. ఆలోగా మచ్చలు మా కోసం ఆగవు.

సంధ్యకి ఇదంతా తెలుసు. మా అందరికంటే ఎక్కువ ప్రశ్నలు ఆ అమ్మాయే అడిగేది. అద్దానికి అటువైపు గుండుతో, పెద్ద మాస్కుతో కూర్చుని ఫోన్ చేసేది.

“అన్నా, మావ కణాలొస్తే నాకూ మీసాలొస్తాయేటి?”

“రావు.”

“గురక?”

“దాని మీద ఇంకా పరిశోధన జరగలేదు.”

“అయితే రాసుకోండి. మా అమ్మ సాచ్చిగా నాకిప్పుడు గురక నేదు. రేపొస్తే మీదే పూచీ.”

కణాలు తీసే రోజు వచ్చింది. ఆ పనిని అఫెరిసిస్ అంటారు. ఒక చేతి నరం నుంచి రక్తం యంత్రంలోకి వెళ్తుంది. యంత్రం దాన్ని గిర్రున తిప్పుతుంది. బరువైన ఎర్రకణాలు ఒక పొరగా, ప్లాస్మా అనే పసుపు నీరు ఇంకో పొరగా విడిపోతాయి. రెంటి మధ్యన పాలమీగడ మందాన తెల్లకణాల పొర నిలుస్తుంది. యంత్రంలో ఒక కాంతి కన్ను ఆ సరిహద్దును కనిపెట్టి, ఆ పొరను మాత్రమే సంచిలోకి లాగుతుంది. మిగతా రక్తం రెండో చేతిలోంచి వెనక్కి వెళ్ళిపోతుంది. దాత మంచం మీద పడుకుని టీవీ చూడటం తప్ప చేసేదేమీ ఉండదు.

శ్రీరాములు నరాలు మోకు తాళ్ళలా ఉన్నాయని సింహాచలం మురిసిపోయాడు. సూదులు దిగాయి. యంత్రం తిరిగింది. కాసేపటికి కూత పెట్టింది. సింహాచలం ఏదో నొక్కాడు. మళ్ళీ కూసింది. మూడోసారి కూశాక నన్ను పిలిచాడు.

“కిషోరూ, ఇలగ రా. ఇది రగతమా, రోజ్ మిల్కా?”

ప్లాస్మా ఉండాల్సిన గొట్టంలో పాలు పారుతున్నట్టుంది. కొవ్వు. రక్తంలో కొవ్వు అంతలా తేలితే కాంతి కన్నుకి పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కనబడదు. పొగమంచులో లారీ లాగ, ముందుకు పోలేక ఆగిపోతుంది.

“ఏటయ్యింది బాబూ? యంత్రం పాడయ్యిందా?” అన్నాడు శ్రీరాములు పడుకునే.

“రాత్రి ఏం తిన్నారు?”

“రేతిరి మామూలే. సారన్నం.”

“పొద్దున్న?”

ఆయన పైకప్పు వైపు చూశాడు. “బావ పెట్టినాడు.”

“ఏం పెట్టాడు?”

“మటను. గారెలు. బొమికల్లో మూలగ. ఎముకల జబ్బుకి ఎముకలోదే పని సేస్తాదని బావ అన్నాడు. నాకూ నిజమే అనిపించింది.”

“ఇంకా?”

“నెయ్యి.”

“ఎంత?”

“నాకేటి తెలుసు? బావ పోసినాడు, నాను తాగినాను.”

“నెయ్యి తాగారా?”

“పోసీసినాక ఏటి సెయ్యాల బాబూ? బావ కద!”

సంగతి ఇది. మేం శ్రీరాముల్ని ముందు రోజే ఆసుపత్రి వెనక వసతి గదిలో పడుకోమన్నాం. పడుకున్నాడు. సత్యం తన లారీని హైవే పక్కన నిలిపి ఉంచాడు. లారీ డ్రైవర్ల దగ్గర పొయ్యి, గిన్నెలు, మసాలా డబ్బాలు ఎప్పుడూ ఉంటాయి. మంచి వంటగాళ్ళు కూడా. తెల్లవారగానే బావమరిదిని లారీ దగ్గరికి పిలిచి, ఆకు వేసి, దగ్గర కూర్చుని తినిపించాడు. నేను చెప్పిన దాంట్లో ‘తిని రండి’ అన్నంతవరకు ఆయన పాటించాడు.

డాక్టర్ వసుధ వచ్చి గొట్టం చూశారు. ఆవిడ కేకలు వేసే మనిషి కాదు. గొంతు తగ్గుతుంది, అంతే. అది విని మేం అందరం కొంచెం పొట్టివాళ్ళమవుతాం. యంత్రం కన్ను మూసేసి చేత్తో సరిహద్దు దిద్దుతూ తీయొచ్చా అని సింహాచలాన్ని అడిగారు. కొద్దిపాటి మసకైతే తీయొచ్చు, ఇంత తెలుపులో నా కన్నుకీ కనబడదు, పనికిరానివన్నీ సంచిలోకి వచ్చేస్తాయి అన్నాడు. ఆవిడ యంత్రం ఆపించారు. గొట్టాల్లోని రక్తం వెనక్కి పంపి సూదులు తీయమన్నారు.

“కొవ్వు గంటల మీద తగ్గుతుంది. నీళ్ళు తప్ప ఏమీ ఇవ్వొద్దు. సాయంత్రంలోగా తేటపడితే తీస్తాం. పడకపోతే ల్యాబ్‌కి కణాల్ని సిద్ధం చేసే వ్యవధి పోతుంది. సంధ్యకి నేనే చెబుతాను.”

వరండాలో సత్యం ఇదంతా విన్నాడు. “నానే పెట్టినాను” అన్నాడు ఎవరితోనో అన్నట్టు. తర్వాత చూస్తే లేడు.

నన్ను వెతకమన్నారు. వెతకడానికేముంది, లారీ దగ్గరే ఉన్నాడు. వెనక చక్రం నీడలో గొంతుక్కూర్చుని, కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతున్నాడు.

“అది పుట్టినప్పుడు నాను లోడుతో బయట ఉన్నాను. దానికి సెవులు కుట్టించినప్పుడు ఈడి ఒళ్ళో కూకుంది. ఆపరేషనప్పుడు సంతకం వాళ్ళమ్మ ఎట్టింది. ఇప్పుడు దాని ఒంట్లోకెళ్ళేది ఈడి రగతం. ఈడి ఒంట్లోకెళ్ళే తిండయినా నాది గావాలనిపించింది బాబూ. అంతే. సెడగొట్టీసినాను.”

నాకు అలాంటి చోట్ల జోకులు తడతాయి. అది జబ్బు, దానికింకా ట్రయల్ మొదలవలేదు. అప్పుడూ ఒకటి తట్టింది. అనలేదు.

“మటన్ మిగిలిందా?” అన్నాను.

“ఉన్నాది.”

“అయితే దాన్ని ఆయనకి కనబడకుండా దాచండి. తర్వాత వచ్చి ఆయన్ని నడిపించండి. నీళ్ళు తాగించాలి, కూర్చోనివ్వకూడదు, పక్కన టీ కొట్టు వైపు పోనివ్వకూడదు. నాకు ఇంకో పది పనులున్నాయి, ఆయన వెనక నేను తిరగలేను.”

నడిస్తే కొవ్వు ఎంత తగ్గుతుందో నాకు తెలీదు. ఆ రోజు తెలుసుకునే తీరికా లేదు. సత్యం లేచి, చేతులు లుంగీకి తుడుచుకుని వచ్చాడు.

ఆ పూటంతా బావా బావమరుదులు ఆసుపత్రి ప్రహరీ లోపల వేపచెట్ల నీడ పట్టుకుని తిరిగారు. సత్యం చేతిలో నీళ్ళ సీసా.

“నడు.”

“కాళ్ళు పీకేస్తన్నాయి బావా.”

“తిన్నప్పుడు పీకనేదేటి?”

“పెట్టినోడివి నువ్వు, నడిసేది నానా?”

“నానూ నడుస్తన్నాను కదరా! తాగు.”

“ఇప్పుడే తాగినాను. ఇంక దూకితే లోపల సప్పుడొస్తాది.”

“అయితే దూకు. సప్పుడాగీదాకా మళ్ళీ పొయ్యను.”

మధ్యమధ్యలో సింహాచలం శ్రీరాములు చేతి నుంచి చిన్న గొట్టంలోకి కాస్త రక్తం తీసేవాడు. దాన్ని తిప్పితే పైన ప్లాస్మా తేలుతుంది. ఆ గొట్టాన్ని దినపత్రిక మీద ఆనించి, వెనకున్న అక్షరాలు కనబడతాయా అని చూడటం మా వాడుక. ఇది ఏ నిబంధనల్లోనూ ఉండదు కానీ అబద్ధం చెప్పదు. మొదటిసారి పత్రికే కనబడలేదు. రెండోసారి పెద్ద అక్షరాల వార్త ఉందని తెలిసింది, ఏం వార్తో తెలీలేదు. పత్రిక పట్టుకునే పని సత్యానికి ఇచ్చాం. తన లారీ పర్మిట్టు కూడా ఆయన అంత శ్రద్ధగా చదివి ఉండడు.

అద్దాల గది నుంచి నాకు ఫోనొచ్చింది.

“అన్నా, మా నాన్నా మావా గానుగెద్దుల్లాగ తిరుగుతున్నారు. కిటికీలోంచి సూస్తన్నాను. మేడమ్ సెప్పారు. నాన్నకి ఫోనియ్యండి.”

ఇచ్చాను. స్పీకర్లో ఉంది.

“నాన్నా, మావ మీద మటను ట్రయల్ సేసినావంట. దానికి సంతకం తీసుకున్నావా?”

సత్యం నవ్వబోయి నవ్వలేకపోయాడు. “తప్పయిపోనాదమ్మా.”

“మావకి బాగుందంటనా?”

శ్రీరాములు ఫోను లాక్కుని, “కారం కొంచెం తక్కువయ్యిందే” అన్నాడు. సత్యం ఆయన వీపు మీద ఒక్కటి వేశాడు.

ఫోను మళ్ళీ నా చేతికొచ్చాక స్పీకరు తీసేయమంది. గొంతు మారింది.

“సాయంత్రానికి తేటపడకపోతే ఏటవుతాది?”

“మేడమ్ ఏం చెప్పారు?”

“సెప్పారు. ఇన్నాను. మీరు కూడా సెప్పండి.”

“ఈసారికి కణాలు అందవు. ఒళ్ళు కోలుకున్నాక మళ్ళీ మొదలుపెట్టగలమో లేదో చూడాలి.”

“నాకు భయమేసినప్పుడు మీరు జోకులేస్తారు కదా. ఇప్పుడెయ్యండి.”

ఒక్కటీ తట్టలేదు. పొద్దున్న అక్కర్లేనప్పుడు తట్టింది. ఆ సంగతే చెప్పాను. “సర్లెండి, అప్పు రాసుకుంటాను” అని పెట్టేసింది.

ఎండ వాలుతుండగా సింహాచలం మళ్ళీ గొట్టం తిప్పాడు. సత్యం పత్రిక పట్టుకున్నాడు. ఆయన పెదాలు కదిలాయి.

“పాత... బేటరీలు... ఇనప సామాను... కొనబడును.”

అది పత్రికలో అన్నిటికంటే చిన్న అక్షరాల ప్రకటన. మా విభాగంలో అంతకంటే మంచి వాక్యం ఆ నెలంతా ఎవరూ చదవలేదు.

యంత్రం మళ్ళీ తిరిగింది. ఈసారి కూయలేదు. రక్తం గడ్డకట్టకుండా కలిపే మందు వల్ల శ్రీరాములు పెదాలు జుమ్ముమన్నాయి. “మూతి మీద సీమలు పాకుతన్నట్టున్నాది” అన్నాడు. కాల్షియం ఇచ్చారు, తగ్గింది. సంచిలోకి పలచని టమాటా చారు రంగులో తెల్లకణాలు దిగాయి. సత్యం యంత్రానికి రెండడుగుల దూరంలో, తాకితే పాపమన్నట్టు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ల్యాబ్ వాళ్ళు వాటిలోంచి గొడవ చేసే రకం కణాల్ని ఏరేసి, హంతక కణాల్ని మాత్రం మిగిల్చి, వాటిని ఉసిగొల్పే మందులో ఒక పూట నానబెట్టారు. లెక్క చూస్తే కావాల్సినదానికంటే కొంచెం మాత్రమే ఎక్కువ. చాలు.

మర్నాడు వాటిని సంధ్యకి ఎక్కించారు. చిన్న సంచి. అద్దం బయట బంధువులిద్దరూ పూజకి నిలబడ్డట్టు నిలబడ్డారు. అద్దం లోపల సంచి ఖాళీ అయ్యేసరికి వీళ్ళు ఇంకా దండం పెట్టడం కూడా పూర్తి కాలేదు.

“ఇంతేనా?” అన్నాడు శ్రీరాములు. “దీనికి నన్ను ఊరంతా తిప్పినారా?”

ఆ తర్వాత చలి, జ్వరం వచ్చాయి. అవి వస్తాయని ముందే తెలుసు, తగ్గాయి. గురక రాలేదని తల్లి ధ్రువీకరించింది. కొన్ని వారాలకి స్కాన్ తీశారు. ఒక మచ్చ కాస్త చిన్నదైంది, మిగతావి అలాగే ఉన్నాయి, కొత్తవి లేవు. దాన్ని మా భాషలో స్థిరం అంటారు. స్థిరం అంటే మంచిదేనా అని సత్యం అడిగాడు. పెరగకపోవడం మంచిదే అని డాక్టర్ వసుధ అన్నారు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు.

రెండో విడతకి శ్రీరాములు మళ్ళీ వచ్చాడు. ఈసారి జాగ్రత్తలు చెప్పే ముందు నేను సత్యాన్ని పిలిచి, దాత తిండి బాధ్యత మీదే అన్నాను. ఏం వండాలో, ఏం వండకూడదో చెప్పాను. ఆయన పొయ్యి మీద గంజి, చుక్క నూనె లేని ఇడ్లీ, ఉడకబెట్టిన కూర తయారయ్యాయి. ప్లాస్మా తేట నీళ్ళలా వచ్చింది. అలాంటి తిండి పెట్టిన బావని ఈ జన్మలో క్షమించనని శ్రీరాములు ఇప్పటికీ అంటాడు.

ఆ తర్వాత ఒక మచ్చ మళ్ళీ పెరిగితే సర్జన్లు దాన్ని కోసి తీసేశారు. సంధ్య ఇప్పుడు డిగ్రీలో ఉంది, స్కాన్లకి వెళ్తూ వస్తోంది. ఆమె ఇలా ఉండటం మేనమామ కణాల వల్లా, సర్జన్ కత్తి వల్లా, రెండిటి వల్లా అన్నది మా ట్రయల్ చెప్పలేదు. అంత తక్కువమందితో చేసిన మొదటి దశ ట్రయల్ అది చెప్పగలిగేదీ కాదు. కణాలు ఎక్కించడం భద్రమేనని మాత్రం చెప్పింది. మిగతాది తర్వాత వచ్చేవాళ్ళ పని.

నా వరకు నేను నేర్చుకున్నది తెల్లకణాల గురించి కాదు, విభాగం నడిపే పద్ధతి గురించి. దాతను ఎంచుకున్న రోజే, ఎంచుకోని వాళ్ళక్కూడా ఒక పని అప్పగించాలి. ఆ తర్వాత మా దగ్గర అదే పద్ధతి అయింది. అప్పగించకపోతే వాళ్ళు ఊరికే కూర్చోరు, తమకో పని వెతుక్కుంటారు. మా వైపు అది సాధారణంగా మటన్ అవుతుంది.